వీడియో ఆపితేనే గిటార్ వస్తుంది

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. మధ్యమధ్యలో వాయించి చూపిస్తాను, నా వేళ్లు కనపడకపోతే మీకు లాభం లేదు.

పాలకొల్లులో తీగల వాద్యం గురించి మాట్లాడమంటే నేను మొదట ఒప్పుకోలేదండి. 1969లో మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరిది. నేనేమో ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే మనిషిని. గిటార్ నేర్చుకున్నది చెరువు గట్టు మీద షెడ్డులో, ఎదురుగా ఫోన్ పెట్టుకుని. ఏ కచేరీలోనూ వాయించలేదు. కానీ తప్పుగా నేర్చుకుని, మళ్లీ దిద్దుకోవడంలో మాత్రం నాకు మంచి అనుభవం ఉంది. ఆన్‌లైన్ పాఠాలతో చెయ్యి ఎలా బాగుపడుతుందో, ఎక్కడ చెడుతుందో చెప్పడానికి అది చాలనుకుని వచ్చాను.

నేను మొదలుపెట్టింది 2015లో. అప్పటికింకా జియో రాలేదు, డేటా అంటే డబ్బులు. భీమవరంలో నెట్ సెంటర్ కుర్రాడు వీడియోకి పది రూపాయలు తీసుకుని మెమరీ కార్డులో వేసి ఇచ్చేవాడు. నా దగ్గర మూడే మూడు పాఠాలు ఉండేవి. మూడూ జస్టిన్ సాండర్‌కో అనే ఆస్ట్రేలియా ఆయనవి. యూట్యూబ్ పుట్టింది 2005లో అయితే ఈయన వెబ్‌సైట్ 2003 నుంచే ఉంది, పాఠాలు ఉచితంగా పెట్టాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆయన మాట నిదానం, చెప్పిందే ఇంకోసారి చెబుతాడు, కాబట్టి అర్థమయ్యేది.

ఆ మూడింటిలో ఒక పాఠం గురించి వివరంగా చెప్పాలి. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లు పెట్టే పట్టు, వాటికి ఇంగ్లీషు అక్షరాల పేర్లు. ఏ (A) కార్డ్ ఒకటి, డి (D) కార్డ్ ఒకటి. ఒక నిమిషం గడియారం పెట్టుకుని ఏ నుంచి డి, డి నుంచి ఏ, ఎన్నిసార్లు మారగలవో లెక్కపెట్టు అంటాడు. చక్కగా పలికిందా లేదా అని దిగులు పడొద్దు, లెక్క మాత్రం కాగితం మీద రాసుకో అంటాడు. చివరికి చేరాల్సిన లెక్క నిమిషానికి అరవై. మొదటిరోజు నాకు పదకొండు వచ్చాయి. చెరువు మేత లెక్క రాసే పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను, 11 అని.

ఇందులో కిటుకు ఎక్కడుందో చూపిస్తాను, చూడండి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్నీ, వాటి మధ్య గడుల్నీ ఫ్రెట్లంటారు. ఏ (A) కార్డ్‌ని ఆయన పట్టే పద్ధతిలో చూపుడు వేలు మూడో తీగ మీద, రెండో ఫ్రెట్‌లో ఉంటుంది. డి కార్డ్‌లో ఈ వేలు ఎక్కడుంటుంది? అక్కడే. అసలు కదలదు. ఇంకోటి, ఈ (E) కార్డ్‌కి వెళ్లాలంటే తీగ మీద నుంచి లేవకుండా ఒక ఫ్రెట్ వెనక్కి జారితే చాలు. అంటే మూడు కార్డులకీ ఒక వేలు గుంజ పాతినట్టు నిలబడి ఉంటుంది, మిగతావి దాని చుట్టూ తిరుగుతాయి. నేను ఇది గమనించక ప్రతిసారీ అన్ని వేళ్లూ ఎత్తి మళ్లీ వెతుక్కునేవాణ్ణి. వేలు ఎత్తకుండా చేసిన రోజున లెక్క ఇరవై ఎనిమిదికి వెళ్లింది. చెయ్యి వేగం ఏమీ పెరగలేదండి, అనవసరంగా కదలడం తగ్గిందంతే.

అక్కడితో అంతా బాగుందా అంటే, లేదు. నెల తిరిగేసరికి వేళ్ల చివర్లు పగిలిపోయాయి. గిటార్ కొన్న చోట అడిగితే, "కొత్తలో అంతే బాబూ, కాయలు కాస్తే పోతుంది" అన్నారు. కాయలు కాసిన మాట నిజమే, నొప్పి మాత్రం పోలేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రూపాయి బిళ్లలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి దూరిస్తే సునాయాసంగా దూరాయి. అంత ఎత్తున ఉన్న తీగని అదిమితే ఇనుప కడ్డీని అదిమినట్టే ఉంటుంది. ఆ సంగతి ఏ పాఠంలోనూ లేదు. పాఠం చెప్పేవాళ్ల గిటార్లు ముందే సరిచేసి ఉంటాయి కదా, వాళ్లకి తట్టదు.

మా ఊళ్లో పడవలు చేసే వడ్రంగి బాబాయ్ దగ్గరకి పట్టుకెళ్లాను. కింద తీగలు ఆనే తెల్లటి పట్టీని, దాన్ని శాడిల్ అంటారు, బయటికి లాగి చూశాడు.

"ఇది ఎముకా, ప్లాస్టిక్కా?"

"ప్లాస్టిక్కే బాబాయ్."

"అయితే ఉప్పు కాయితం చాలురా. ఎంత దించాలి?"

ఒక మిల్లీమీటరు అన్నాను. ఆయన తీగ పొడవంతా జానతో కొలిచి, "పన్నెండో గీత సరిగ్గా సగంలో ఉంది. అక్కడ ఒకటి దిగాలంటే ఇక్కడ రెండు అరగదియ్యాలి" అన్నాడు. గిటార్ ముట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లు సరి. శాడిల్ అడుగు భాగం రుద్ది మళ్లీ పెట్టాం. ఆ సాయంత్రం నా లెక్క ఇంకో ఏడు పెరిగింది. అందుకే ఏ పాఠం బాగుంటుందని ఎవరైనా అడిగితే, ముందు మీ తీగ ఎత్తు చూసుకోండి అంటాను.

ఇక కుడిచెయ్యి. స్ట్రమ్మింగ్‌లో, అంటే తీగలన్నీ కలిపి మీటడంలో, అందరూ మొదట నేర్చుకునేది ఒకటుంది: కిందికి, కిందికి-పైకి, పైకి-కిందికి-పైకి. వీడియోలో చూస్తే ఎంత తేలికో. చేస్తే నాకు చెయ్యి మధ్యలో ఆగిపోయేది. ఒకరోజు ఇంట్లో నేను తంటాలు పడుతుంటే, పక్కన బియ్యం చెరుగుతున్న మా అమ్మ అంది, "చెయ్యి ఎందుకురా ఆపుతావు? చేట ఆగితే ఊక ఎగురుతుందా?" అని. గిటార్ పాఠాల్లో ఇంతకంటే మంచి మాట నేను వినలేదు. కుడిచెయ్యి చేటలాగా కిందికీ పైకీ ఆడుతూనే ఉండాలి. కొన్నిసార్లు తీగలకి తగులుతుంది, కొన్నిసార్లు గాలిలో పోతుంది. అంతే తేడా.

తర్వాత దానికి నేనే ఒక లెక్క కట్టుకున్నాను. మనకి తక ధిమి తక జొణు ఉంది కదా, ఎనిమిది అక్షరాలు. త కిందికి, క పైకి, ధి కిందికి, మి పైకి, అలా చివరిదాకా. ఇప్పుడు మొదటి 'క' దగ్గరా, రెండో 'త' దగ్గరా చెయ్యి తీగలకి తగలకుండా పోనివ్వండి. మిగిలినవి మోగించండి. ఇదిగో, వినండి. వాళ్లు నేర్పిన వరసే వచ్చింది చూశారా? ఇంగ్లీషు అంకెలతో లెక్కపెడితే నాకు నెల పట్టింది. ఇలా అయితే మా మేనల్లుడికి ఒక్క పూటలో వచ్చింది. సంగీతం క్లాసుకి వెళ్లే పిల్లలెవరైనా ఇక్కడుంటే మీరు సగం దూరం ముందే నడిచి వచ్చినట్టు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, సిమ్ముల కోసం ఎంత క్యూలు కట్టామో. అప్పుడు నాకు పండగే అనుకున్నాను. మార్టీ ష్వార్ట్జ్ పాఠాలు చూశాను. సరదాగా నవ్వుతూ చెబుతాడు, పది నిమిషాల్లో పాట చేతికొచ్చినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. రాత్రి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటే కాపలా కూర్చుని వరసగా చూసేవాణ్ణి. ఆరు నెలలు గడిచాక వెనక అట్ట తీసి చూస్తే అంకెలు ఆగిపోయి ఉన్నాయి. 41 దగ్గర. పది రూపాయలు పెట్టి తెచ్చుకున్న మూడు పాఠాలతో వచ్చినంత, వందల పాఠాలతో రాలేదు. చూస్తున్నంతసేపూ నేర్చుకుంటున్నట్టే ఉంటుంది, అదీ దాంట్లో మాయ. వంట వీడియో చూస్తే కడుపు నిండదు కదండీ. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. రెండు నిమిషాలు చూస్తే పది నిమిషాలు వీడియో ఆపేసి వాయించాలి. ఎడం చేత్తో ఫోన్ ముట్టుకోకూడదు.

ఎక్కువమందిని చూడటంలో ఇంకో చిక్కుంది. బొటనవేలు మెడ వెనకాలే ఉండాలి, పైకి రాకూడదు అని క్లాసికల్ గిటార్ వాళ్లు గట్టిగా చెబుతారు. అమెరికా రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఏమో బొటనవేలు మెడ మీదుగా తెచ్చి ఆరో తీగనే నొక్కేవాడు. ఎవరు రైటు? ఇద్దరూ రైటే. బొటనవేలు వెనక్కి, కిందికి ఉంటే మిగతా వేళ్లు బాగా చాచుకోవచ్చు. పైకి వస్తే అరచెయ్యి మెడకి ఆనుకుని తీగని వంచడానికి పట్టు దొరుకుతుంది. ఏ పనికి ఏది అని చెప్పే పాఠమే పాఠం. 'ఇలా పెట్టు' అని ఊరుకునేవాళ్ల దగ్గర ఎక్కువసేపు ఉండొద్దు.

ఎఫ్ కార్డ్ దగ్గర చాలామంది గిటార్ అటక ఎక్కించేస్తారు. నాకూ మూడు నెలలు పట్టింది. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, అన్నిటినీ ఒకే బలంతో నొక్కాలని టెన్షన్ పడేవాణ్ణి. ఒకసారి ఒక పాఠం ఆపి, ఆ బొమ్మనే పట్టి చూస్తే తెలిసింది: మూడు, నాలుగు, ఐదు తీగల్ని మిగతా మూడు వేళ్లూ ఎలాగూ నొక్కుతున్నాయి. చూపుడు వేలు బాధ్యత ఒకటి, రెండు, ఆరు తీగలే. మధ్యలో అది వదులుగా ఉన్నా ఫర్వాలేదు. వేలిని బల్లపరుపుగా కాకుండా కాస్త పక్కకి, ఎముక అంచు మీదకి తిప్పండి. ముందు అయిదో ఫ్రెట్‌లో ఇదే ఆకారం పట్టండి, అక్కడ తీగ మెత్తగా లొంగుతుంది. అక్కడ మోగాక ఒక్కో ఫ్రెట్ కిందికి దిగుతూ రండి. మణికట్టు నొప్పెడితే మాత్రం ఆపెయ్యాలి. వేలి చివర మంట మామూలే, మణికట్టు నొప్పి మామూలు కాదు.

ఇప్పుడు శ్రీనివాస్ గారి సంగతికి వస్తాను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, కర్ణాటక గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ వారి శిష్యులు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పసివాడు విన్నదాన్ని మాండలిన్ మీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో గురువు చూపించలేదు, కానీ తప్పు పలికితే ఆయన చెవికి తెలుస్తుంది. ఫోన్‌లో గురువు దీనికి సరిగ్గా తలకిందులండి. ప్రతి వేలూ దగ్గరగా చూపిస్తాడు, మన చెయ్యి మాత్రం ఆయనకి వినపడదు. సుబ్బరాజు గారి దగ్గర ఉన్నదే ఇక్కడ లేదు. అది ఎక్కడినుంచి తెచ్చుకోవాలి?

చెరువు పని చేసేవాళ్లకి చెక్‌ట్రే తెలుసు. పైనుంచి నీళ్లు చూస్తే రొయ్య మేత తిందో లేదో తెలియదు. మేత వేసి కాసేపాగి చెక్‌ట్రే ఎత్తి చూస్తాం, మిగిలిందా, అయిపోయిందా అని. గిటార్‌కి రికార్డింగే చెక్‌ట్రే. మేత బస్తాకి ఫోన్ ఆనించి, ఒక నిమిషం వాయించి, గిటార్ పక్కన పెట్టి విన్నాను. నాకు సిగ్గేసింది. ప్రతి కార్డ్ మారేచోటా కుడిచెయ్యి ఒక్క క్షణం ఆగి చూస్తోంది, బండి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగినట్టు. వాయిస్తున్నప్పుడు అది నాకు వినపడలేదు, మనసే ఆ సందుని పూడ్చేసుకుంటోంది. డి కార్డ్‌లో నాలుగు తీగలే మోగాలి, నేను ఆరూ మోగించేస్తున్నాను. రెండేళ్లుగా.

దానికి మందు కూడా ఫోన్‌లోనే ఉంది. టిక్ టిక్ మని లయ కొట్టే మెట్రోనోమ్ యాప్‌ని నిమిషానికి అరవై దెబ్బల్లో పెట్టి, తప్పు లేకుండా నాలుగుసార్లు వస్తేనే నాలుగైదు అంకెలు పెంచాలి. తప్పొస్తే మళ్లీ దించాలి. పాఠం వేగంగా ఉంటే యూట్యూబ్‌లోనే వేగం సగానికి తగ్గించుకోవచ్చు. క్యాసెట్ రోజుల్లో నెమ్మది చేస్తే శృతి కూడా దిగిపోయేది, ఇప్పుడు శృతి అలాగే ఉంటుంది. వారానికి ఒకసారి రికార్డు చేసి తేదీ వేసి దాచుకోండి. ఎదుటివాళ్లకి పంపొద్దు, మీరే వినండి.

మన గాలి గురించి ఒక్కమాట. ఇక్కడి తేమకి, ఉప్పు గాలికి స్టీలు తీగలు త్వరగా తుప్పు పడతాయి, వానాకాలంలో చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. వాయించాక పొడి నూలుగుడ్డతో తుడవండి, సంచిలో సిలికా జెల్ పొట్లాలు పడెయ్యండి. తుప్పు పట్టిన తీగ మీద ఎంత మంచి పాఠమైనా గరగరలాడుతుంది.

మాటలు చాలు. ఎవరైనా ఒక్కరు పైకి రండి. నువ్వు, నీలం చొక్కా అబ్బాయ్, రా. గిటార్ ఎప్పుడూ పట్టుకోలేదా? మరీ మంచిది. మూడో తీగ, రెండో ఫ్రెట్, చూపుడు వేలు అక్కడ పెట్టు, ఎత్తొద్దు. చెల్లెమ్మా, మీ ఫోన్‌లో ఒక నిమిషం రికార్డింగ్ పెట్టండి. మొదటి తీగ మీద చెయ్యి జాగ్రత్త బాబూ, పొద్దున్న తుడవడం మర్చిపోయాను.