జెకర్యాకు మాట పడిపోయిన రోజులు

శ్రోతలకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే మన కథోలిక ఇళ్లలో హడావిడి మీకు తెలిసిందే. ఇంటి ముందు స్టార్ కట్టాలి, పశువుల పాక బొమ్మలు సర్దాలి, పిండివంటలు, కొత్తబట్టలు, ఊరి నుంచి దిగే చుట్టాలు. గుళ్లో చూస్తే ఇంకా ఊదారంగు వస్త్రాలే. ఫాదర్ గారు క్రిస్మస్ మాటెత్తరు, ఇంకా ఆగమన కాలమే, అంటే క్రిస్మస్‌కు ముందు ఎదురుచూసే వారాలే అంటారు. ఎదురుచూడమంటారు. ఇంట్లో ఈ టెన్షన్ పెట్టుకుని ఎదురుచూసేదెలా అంటే, నాకు తెలిసిన చిన్న పని ఒకటుంది. అది చెప్పడానికే ఈ ఐదు నిమిషాలూ.

గుళ్లో పూజలో చదివే ఆదివారాల సువిశేష పఠనాలు మూడేళ్లకోసారి తిరిగొస్తాయి. ఆగమన కాలంలో మామూలు రోజుల పఠనాలు మాత్రం ఏటా అవే. 1969లో వెలువడిన పఠనాల క్రమం ఇది. డిసెంబర్ 17న మత్తయి రాసిన యేసు వంశావళి. 18న మరియతల్లి భర్త జోజప్పగారి కల. 19న లూకా మొదటి అధ్యాయం అందుకుంటారు, ముక్కలు ముక్కలుగా 24 ఉదయానికి పూర్తి చేస్తారు. ఒక్క అధ్యాయం, ఆరు రోజులు.

వంశావళిలో తామారు, రాహాబు, రూతు అనే ఆడవాళ్లు ఎందుకున్నారో చెప్పాలనుంది గానీ టైం చాలదు. నాకు బాగా ఇష్టమైనది 19వ తేదీ. జెకర్యా కథ.

జెకర్యా దేవాలయంలో సేవచేసే యాజకుడు, ముసలాయన. భార్య ఎలిజబెతమ్మకూ వయసు మళ్లింది. పిల్లల్లేరు. ఇద్దరూ దేవుని ఎదుట నీతిమంతులని లూకా ముందే చెప్పేస్తాడు. పిల్లల్లేని ఇంటి గురించి ఊరు ఏమంటుందో లూకాకు తెలుసు మరి. మనకూ తెలుసు.

దేవాలయంలో ధూపం వేసే వంతు ఎవరిదో చీట్లు వేసి తేల్చేవారు. ఆ రోజు చీటీ జెకర్యాకు వచ్చింది. జనమంతా బయట ప్రార్థిస్తున్నారు, ఆయన లోపలికి వెళ్లాడు. ధూపపీఠానికి కుడిపక్కన దేవదూత నిలబడి ఉన్నాడు. భయపడకు, నీ ప్రార్థన దేవుడు విన్నాడు, నీ భార్య కొడుకును కంటుంది, యోహాను అని పేరు పెట్టు అన్నాడు.

నీ ప్రార్థన విన్నాడట. ఏ ప్రార్థన? బిడ్డ కోసం అడగడం ఆయన ఎప్పుడో మానేసి ఉంటాడని నా ఊహ. అడగడం మానేశాక వచ్చింది జవాబు. అందుకే నమ్మబుద్ధి కాలేదు. నేనా ముసలివాణ్ణి, నా భార్యకూ వయసైపోయింది, ఇది నిజమని నాకెలా తెలుస్తుంది అన్నాడు. నేను దేవుని సన్నిధిలో నిలిచే గబ్రియేలును, నమ్మలేదు గనక ఇవి జరిగేదాకా నీకు మాట రాదు అన్నాడు దూత. మర్నాటి పఠనంలో మరియతల్లి కూడా ఆ దూతనే ప్రశ్న అడుగుతుంది. అయితే ఆమె అడిగింది ఇదెలా జరుగుతుందని. ఆయన అడిగింది రుజువు.

బయట జనానికి ఓపిక తగ్గుతోంది, ఇంతసేపా లోపల అని. ఆయన వచ్చాడు. మాట లేదు, చేతులతో సైగలు. తన వంతు రోజులు పూర్తిచేసి అలాగే ఇంటికి వెళ్లాడు. ఇంత పెద్ద సంగతి భార్యకు సైగలతో ఎలా చెప్పాడో లూకా రాయలేదు. రాసుంటే బాగుండేది!

మరియతల్లి వచ్చిన ఘట్టం 21న. ఆమె జెకర్యా ఇంట్లోకి వెళ్లి ఎలిజబెతమ్మకు వందనం చేసిందని ఉంటుంది. ఇల్లు ఆయనది, మాటలన్నీ ఆడవాళ్లవి. ఆమె అక్కడ సుమారు మూడు నెలలుంది. ఆ మూడు నెలలూ ఇంట్లో ఒక పెద్దాయన నోరు మెదపకుండా తిరుగుతున్నాడు. చాలామంది దీన్ని శిక్ష అంటారు. నాకెందుకో అలా అనిపించదు. మా ఇళ్లలో పెద్దమనిషికి అలాంటి మూడు నెలలు దొరికితే ఎన్ని సంగతులు విని ఉండేవాడో!

బిడ్డ పుట్టాడు. ఎనిమిదో రోజున చుట్టాలు చేరారు. మన దగ్గర తాతపేరు కోసం పట్టుబట్టినట్టే, తండ్రి పేరే పెట్టాలన్నారు. కాదు, యోహాను అంది తల్లి. మీ వాళ్లలో ఆ పేరు ఎవరికీ లేదే అని తండ్రి వైపు తిరిగి సైగలతో అడిగారు. మాట రానివాడికి వినపడదు కూడా అనుకున్నారో ఏమో! ఆయన పలక తెమ్మన్నాడు. ఇతని పేరు యోహాను అని రాశాడు. పెడదాం అని కాదు, ఇతని పేరు యోహాను అని. అప్పుడు నోరు తెరుచుకుంది. వెంటనే దేవుణ్ణి స్తుతించాడు. 24 ఉదయం చదివేది ఆ స్తుతినే. ఫాదర్లు, కన్యస్త్రీలు ఏడాది పొడవునా ప్రతి ఉదయ ప్రార్థనలో చెప్పుకునేదీ అదే.

ఇక నేను చెప్పదలిచిన పని. పొద్దున్నే ఫోన్ పట్టుకోకముందు ఆ రోజు ముక్క ఒక్కసారి పైకి చదవండి. తర్వాత కాసేపు ఎవరితోనూ మాట్లాడకండి. అంతే. వాట్సాప్‌లో ధ్యానాలు వస్తాయి, మంచివే, వాటిని తర్వాత చూడొచ్చు. ముందు లూకా. ఇంట్లో చూపు ఆనని అమ్మమ్మ ఉంటే పిల్లల చేత చదివించండి.

పెన్ను దగ్గరుంటే రాసుకోండి. లూకా మొదటి అధ్యాయం. 19న 5 నుంచి 25 వచనాలు. 20న 26 నుంచి 38. 21న 39 నుంచి 45. 22న 46 నుంచి 56. 23న 57 నుంచి 66. 24 ఉదయం 67 నుంచి 79. మధ్యలో ఆదివారం వస్తే గుళ్లో ఆ రోజు ఆదివారం పఠనమే చదువుతారు, ఈ ముక్క ఇంట్లో చదువుకోండి. 19న మొదటి పఠనం న్యాయాధిపతుల గ్రంథం నుంచి సంసోను పుట్టుక. అక్కడా పిల్లల్లేని ఇల్లే, అక్కడా దేవదూతే. వీలుంటే రెండూ ఒక పూటే చదవండి.

నమస్కారం.