మనకి కలెక్టరు ఎవరమ్మా? ముసుర్లో ఇంటి బడి కబుర్లు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, వెనకాల టపటపమని వినపడేది మైకు తేడా కాదు, వాన. మూడు రోజుల్నించి ముసురు పట్టుకుంది. కుర్చీల మీద, తలుపుల మీద, ఆఖరికి ఇన్వర్టరు మీద కూడా ఆరని బట్టలే. ఈ మూల ఒక్కటే ఖాళీగా కనపడింది, అందుకని ఇక్కడ కూచున్నా.

మేముండేది కోవూరు. పెన్నా దాటితే నెల్లూరు. ఇద్దరు పిలకాయలు. పెద్దదానికి పదేళ్లు, చిన్నోడికి ఏడు. ఇద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు, ఇది మూడో ఏడు. నన్ను కలిసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: ఈ చలికాలం పిలకాయల్ని ఎట్టా కూచోబెడతారు, విసుగు రాకుండా ఎట్టా చెప్తారు?

నేనూ మొదట్లో ఇదే వెతికా. వచ్చినవన్నీ మంచు కురిసే దేశాల వీడియోలు. కిటికీ బయట మంచు, లోపల నిప్పు, చేతిలో వేడివేడి చాక్లెట్ పాలు. మనకి యాడిది మంచు? మన చలికాలంలో సగం వానాకాలమే గదా. మిగతా రాష్ట్రానికి జూన్‌లో నైరుతి వస్తే అదే పెద్ద వాన. నెల్లూరోళ్లకి అసలు వాన ఈశాన్యం. అక్టోబరు మూడో వారం నించి డిసెంబరు సగందాకా అల్పపీడనం, అది ముదిరితే వాయుగుండం, ఇంకా ముదిరితే తుఫాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, బట్టలు ఆరవు, పిలకాయలు బయటికి పోలేరు. ఆ వీడియోల్లోని మంచుబొమ్మల వర్క్‌షీట్లు నేను కూడా జిరాక్స్ తీయించానండీ, రంగుల్లో. మా చిన్నోడు ఆ మంచుబొమ్మని చూసి "ఇది ఇడ్లీ మీద ఇడ్లీ పెట్టినట్టుంది" అన్నాడు. ఆ డబ్బులు అట్టా పోయినాయి.

తొలి ఏడు సంగతి చెప్తా. 2023. గోడ మీద టైం టేబుల్ అంటించా. తొమ్మిదికి తెలుగు, తొమ్మిదీ నలభైకి లెక్కలు, పదీ ఇరవైకి ఇంగ్లీషు. అక్టోబరుదాకా బాగానే నడిచింది. నవంబరు వచ్చేసరికి ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయింది బండి. నేను అరవడం, పెద్దది ఏడవడం, చిన్నోడు పుస్తకాన్ని మంచం కింద దాచడం. డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను. మన తీరం పొడుగునా పైకి పోయి 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుండే ఉంటుంది. కలెక్టరు గారు బడులకి సెలవు ఇచ్చారు. వీధిలో పిలకాయలంతా పండగ చేసుకుంటున్నారు. నేను మాత్రం మనది ఇంటి బడే గదా, వానకీ మనకీ ఏం సంబంధం అని కూచోబెట్టా. అప్పుడు చిన్నోడు, ఐదేళ్లు వాడికి, నా మొహం చూసి అడిగాడు:

"అమ్మా, మనకి కలెక్టరు ఎవరమ్మా?"

మా అత్త పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలా. ఆ రాత్రి మా ఆయన ఒక మాట అన్నాడు. "పిలకాయలకి విసుగు రాలేదు, వాళ్లు వానలో కాగితప్పడవలు వేసుకుంటే నాలుగ్గంటలు కదలరు. విసుగొచ్చింది నీకు." కోపం వచ్చింది గానీ నిజం. చీకటి పట్టిన ఇల్లు, రోజంతా వంట, ఆరని బట్టలు, నాలుగు గోడలు. పిలకాయలకి హుషారు ఎట్టా తెప్పించాలని నేను వెతుకుతున్నా గానీ, ముందు హుషారు పోయింది నాది.

మరుసటేడు ఒక రూలు పెట్టుకున్నాం. అక్టోబరు నించి జనవరిదాకా ఇంట్లో అందరూ కలెక్టర్లే. ఒక్కొక్కరికి నెలకి రెండు సెలవులు. కారణం చెప్పక్కర్లేదు, అయితే టిఫిను లోపే ప్రకటించాలి. నాకూ రెండు. మొదటి సెలవు ప్రకటించింది ఎవరనుకున్నారు? నేనే.

ఇక వాన. దీన్ని బయటికి నెట్టి తలుపేసుకుంటే అది కిటికీలోంచి పాఠం చెడగొడుతుంది, లోపలికి పిలిస్తే అదే పాఠం. ఇదిగో, కెమెరా ఇట్టా తిప్పుతున్నా, కనపడుతోందా? రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. పైభాగం కోసి, తలకిందులుగా అందులోనే గరాటు మాదిరి పెట్టాం. అడుగున గులకరాళ్లు వేశాం, ఎందుకంటే సీసా అడుగు ఎగుడుదిగుడు. సీసా నిటారుగా మొదలయ్యే చోట స్కేలు సున్నా వచ్చేట్టు అంటించి, ఆ సున్నాదాకా నీళ్లు పోశాం. అంతే, వానమాపు. మిద్దె మీద, గోడలకీ చెట్లకీ దూరంగా, రెండు ఇటుకల మధ్య. ఇటుకలు లేకపోతే మన ఈదురుగాలికి సీసా పక్క వీధిలో దొరుకుతుంది. మాకు దొరికింది.

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చదువుతాం. ఆ టైం మేం పెట్టుకున్నది కాదు, వాతావరణ శాఖ వాళ్లు కూడా ఎనిమిదిన్నర నించి ఎనిమిదిన్నరకే లెక్క వేస్తారు. ఇరవైనాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాళ్ల భాషలో భారీ వర్షం. 115.6 నించి అతి భారీ. 204.5 నించి అత్యంత భారీ. టీవీలో రోజూ వినే మాటలకి వెనక ఒక కొలత ఉందని నాకే అప్పటిదాకా తెలీదు.

ఒకరోజు మా వానమాపు 62 చూపించింది. రాత్రంతా కుండపోత, చిన్నోడు భారీ వర్షమేనని పందెం కట్టి ఉన్నాడు. రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ. వాడు సీసా చుట్టూ తిరిగి, వంగి చూసి, పడుకుని చూసి, "అమ్మా, ఇట్టా కింద నించి చూస్తే 65 ఉందమ్మా" అన్నాడు. పెద్దది ఒప్పుకోలా. నీటి మట్టానికి కన్ను సమానంగా పెట్టి చూడాలని అది, పైనించి చూసేది లెక్కలోకి రాకపోతే కింద నించి చూసేది మాత్రం ఎట్టా వస్తుందని వాడు. పావుగంట పోట్లాట. నేను నోరు తెరవలేదు. ఆఖరికి పుస్తకంలో 62 అనే రాశాడు. పక్కన ఏడుపు మొహం గీశాడు.

ఆ 62తోనే లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా మిద్దె 30 అడుగులకి 40, అంటే 1200 చదరపు అడుగులు, మీటర్లలో సుమారు 111. పెద్దది 111ని 62తో గుణించింది. 6,882 లీటర్లు. మా మిద్దె మీది ట్యాంకు వెయ్యి లీటర్లది. ఒక్క రాత్రిలో దాదాపు ఏడు ట్యాంకుల నీళ్లు గొట్టంలోంచి దిగి కాలవలోకి పోయినాయన్నమాట. అది విని మా అత్త లేచి పోయి రెండు బిందెలు, ఒక గంగాళం తెచ్చి గొట్టం కింద పెట్టింది. నేను ఏడాదంతా నెత్తీనోరూ కొట్టుకున్నా రాని గుణకారం ఆ గంగాళంతో వచ్చింది.

ఉరుములప్పుడు ఇంకోటి. మెరుపు కనపడగానే సెకనుకి ఒకటి చొప్పున అంకెలు లెక్కపెట్టడం, ఉరుము వినపడగానే ఆపడం, మూడుతో భాగించడం. ఎన్ని వస్తే అన్ని కిలోమీటర్ల దూరంలో పడింది మెరుపు. ఇంట్లో కూచునే చేయాలి, మిద్దె మీద కాదు. చిన్నోడికి మూడో ఎక్కం ఇట్టానే వచ్చింది.

పెన్నా గురించి కూడా. 2021 నవంబరులో పెన్నా వరదకి మా పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయినప్పుడు చిన్నోడు పసివాడు. మన ఊళ్లో పడని వానకి మన ఊరు ఎందుకు మునుగుతుందని పెద్దది అడిగింది. పాత క్యాలెండర్లు వెనక్కి తిప్పి అతికించి, రెండు కిలోమీటర్లకి ఒక సెంటీమీటరు లెక్కన పెన్నా గీశాం. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి సముద్రందాకా 597 కిలోమీటర్లు, అంటే వరండాలో మూడు మీటర్లు. గండికోట, కడప దిక్కు నించి వచ్చి కలిసే చెయ్యేరు, సోమశిల. ఆ ఏడు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిందని చెప్పి, అక్కడ నీలం రంగు వేయమన్నా. అది వేస్తూ వేస్తూ కోవూరుదాకా వచ్చి ఆగి, ఓహో అంది.

కరెంటు పోయిన సాయంత్రాలు నావి కావు, పిలకాయల అవ్వవి, అంటే మా అత్తవి. పొడుపు కథలు, టార్చిలైటుతో గోడ మీద నీడబొమ్మలు. అప్పుడు నేను బట్టలు మడత పెట్టుకుంటా.

డిసెంబరు సగానికి వాన తెరిపిస్తుంది. పొద్దున పొగమంచు, నెలగంట పెట్టేస్తారు, వాకిట్లో ముగ్గులు. ఈ నెల్లో పుస్తకం తెరవకపోయినా నాకు దిగులు లేదు. ఎందుకో చెప్తా. మనం ముగ్గు చెప్పేటప్పుడు ఏమంటాం? "ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు." అంటే నడుమ ఏడు, అటు ఆరు, ఐదు, నాలుగు, ఇటు ఆరు, ఐదు, నాలుగు. మొత్తం ఎన్ని? 37. మూడు చుక్కలు రెండు వరకైతే 7. ఐదు చుక్కలు మూడు వరకైతే 19. తొమ్మిది చుక్కలు ఐదు వరకైతే 61. పెద్దది ఇవన్నీ వాకిట్లోనే సుద్దతో రాసింది. 7, 19, 37, 61. వాటి మధ్య తేడాలు చూడమన్నా. 12, 18, 24. పేడనీళ్లు చల్లిన వాకిలి ఆరకముందే, పదకొండు చుక్కలు ఆరు వరకు పెడితే 91 అని చుక్కలు పెట్టకుండానే చెప్పేసింది. తర్వాత పెట్టి చూసుకుంది, ఒకటి ఎక్కువ రాదు, ఒకటి తక్కువ రాదు. పాతికేళ్లుగా ముగ్గులు వేస్తున్నా, ఈ ఆరో ఎక్కం వాకిట్లో ఉందని నేనెప్పుడూ చూడలేదండీ.

డిసెంబరు 21, 22 తేదీల్లో ఎండ కాస్తే ఒక మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలవండి. నెల్లూరులో నడిమధ్యాన్నం నీడ సుమారు 78 సెంటీమీటర్లు వస్తుంది. అయితే అన్నిటికంటే పొట్టి నీడ సరిగ్గా పన్నెండుకి రాదు, ఇంకో ఎనిమిది నిమిషాలకి వస్తుంది. మన గడియారం నడిచేది కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం. మనం 80 దగ్గరుండాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పది నిమిషాలు వెనక, ఆ రోజుల్లో సూర్యుడు ఓ రెండు నిమిషాలు ముందుంటాడు కాబట్టి ఎనిమిది. చిన్నోడికి ఇదంతా ఎక్కలేదు. గడియారం అబద్ధం చెప్తోందని మాత్రం వీధంతా చెప్పొచ్చాడు.

మన జిల్లా పక్కనే శ్రీహరికోట ఉండగా ఇంకో దేశం వీడియో ఎందుకు? 2024 డిసెంబరు 30 రాత్రి పదింటికి అక్కడి నించి పీఎస్ఎల్వీ సీ60 రాకెట్టు ఎగిరింది. దుప్పట్లు కప్పుకుని మిద్దె ఎక్కాం. దక్షిణం దిక్కున నారింజ వెలుగు లేచి మబ్బుల్లోకి పోయింది. అది మోసుకుపోయిన రెండు ఉపగ్రహాలు ఆకాశంలో ఒకదాన్నొకటి పట్టుకోవాలి. రోజూ పొద్దున లేవగానే పెద్దది "కలిశాయా?" అని అడిగేది. జనవరి 16న కలిశాయి. సంక్రాంతి మూడు రోజులూ గాలిపటాల మధ్య కూడా మరిచిపోలేదు.

పనికిరానివి కూడా చెప్పాలి గదా. ఐదు లెక్కలకి ఒక చాక్లెట్ పెట్టా. వారం తిరిగేసరికి చిన్నోడు మూడు లెక్కలకే బేరం మొదలుపెట్టాడు. స్టిక్కర్ల చార్టు ఫ్రిజ్ మీద ఇంకా ఉంది, నవంబరు 9 దగ్గర ఆగిపోయి. చేతిరాతకి మాత్రం నా దగ్గర మందు లేదు. అది ఎండలోనూ విసుగే, వానలోనూ విసుగే. రోజుకి పది నిమిషాలు రాయించి వదిలేస్తున్నా.

సర్టిఫికెట్ సంగతి ఏంది అని అడిగేవాళ్లకి రెండు ముక్కలు. ఎన్ఐఓఎస్ అని జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, బడికి పోకుండా పరీక్షలు రాసుకోవచ్చు. వాళ్లకి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది, ఏ, బీ, సీ అని మూడు మెట్లు, అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానం. పధ్నాలుగు నిండితే అక్కడే గానీ, మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠంలో గానీ పదో తరగతి కట్టొచ్చు. దీని మీద వేరే వీడియో చేస్తా, వాన తగ్గాక.

ఉండండి, చిన్నోడు మిద్దె మీది నించి పిలుస్తున్నాడు. ఏందిరా? ఆఁ... సీసాలో నీళ్లు తగ్గాయంట. నిన్న 48 ఉండింది, ఇప్పుడు 41. వానలో నీళ్లు తగ్గడమేంది అనుకుంటున్నారా? గరాటు ఊడిపోయి పక్కన పడి ఉందంట, పిట్టగోడ మీద కాకి కూచుని ఉందంట. గులకరాళ్లు వేసింది మనమే గదా, కథలో మాదిరి. అవ్వని పిలుస్తున్నాడు సాక్ష్యానికి. పెద్దది వానల పుస్తకంలో కొత్తగా ఒక గడి గీస్తోంది, పైన పేరు రాసింది: "కాకి తాగినవి". కింద, 7 మి.మీ.