ఎర్ర లైటు వెలిగితే

శ్రోతలకు నమస్కారం. నేను స్టాండప్ కామెడీ చేస్తాను. అంటే మైకు పట్టుకుని, ఒంటరిగా నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్లను నవ్వించే పని.

బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఒక చోటుంది. 2010లో మొదలైంది. ఇరానీ చాయ్, సమోసా, ఒకరోజు నాటకం, ఇంకోరోజు ఓపెన్ మైక్, అంటే ఎవరైనా ఎక్కి తమ జోకులు పరీక్షించుకునే వేదిక. నాలాంటివాళ్లు మొదట తడబడేది ఇలాంటి చోట్లే. అక్కడ వినేవాళ్లలో సగం మంది తోటి కమెడియన్లు. జోకు పేలకపోయినా జాలిపడి నవ్వుతారు. కామెడీ ఫెస్టివల్‌లో ఆ జాలి ఉండదు. వచ్చినవాళ్లు టికెట్ కొన్నారు మరి.

నా మొదటి ఫెస్టివల్లో నా వంతు ఆరోది. టెన్షన్‌తో హాలు బయట చాయ్ మీద చాయ్ తాగుతూ నా ఐదు నిమిషాలూ బట్టీ పడుతున్నాను. పిలిచారు, వెళ్లాను, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మీద జోకు వేశాను. చప్పుడు లేదు. మూడో వరుసలో ఒక పెద్దావిడ పక్కనున్న మనవరాలితో, "ఇది ఇందాక కళ్లజోడు అబ్బాయి చెప్పాడు కదే" అంది. మెల్లగానే అంది. కానీ నవ్వు లేని హాల్లో గుసగుస కూడా చివరి వరుసదాకా వినిపిస్తుంది. ఆ సాయంత్రం పెద్ద నవ్వు ఆవిడకే వచ్చింది.

కొత్తవాళ్లూ, మీ వంతు వచ్చేదాకా హాల్లోనే కూర్చోండి. ముందువాళ్లు ట్రాఫిక్‌ను వాయించేసి ఉంటే మీ ట్రాఫిక్ జోకు ఆ పూటకు తీసేయండి.

ఆవిడ మాట విననట్టు నటించి తర్వాతి జోకులోకి దూకాను. అది ఇంకో తప్పు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒకటుంటుంది. అవధాని పద్యం అల్లుకుంటుంటే అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయడమే ఆ పృచ్ఛకుడి పని. అవధాని విసుక్కోడు, వినపడనట్టు ఉండడు. చమత్కారంగా ఒక మాట అని మళ్లీ పద్యంలోకి వెళ్తాడు. నేనూ "అమ్మా, ఆ అబ్బాయి బాగా చెప్పాడా, నేనా?" అని ఉంటే హాలంతా నా వైపు తిరిగేది. ఇది ఇంటికెళ్లాక, రాత్రి రెండింటికి తోచింది.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 1947లో ఎనిమిది నాటక బృందాలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి ఆడేశాయి. అదే ఫ్రింజ్ ఫెస్టివల్‌కు మొదలు. ఇప్పుడక్కడ ఆగస్టులో చాలామంది కమెడియన్లు దాదాపు నెలంతా రోజూ అదే షో చేస్తారు. ఇవాళ పేలకపోతే రేపు సరిచేసుకోవచ్చు. మనకేమో ఒక్క సాయంత్రం, ఐదు నిమిషాలు. అందుకే ఆ ఐదూ కొత్తవి కాకూడదు. ఇరవై ఓపెన్ మైకుల్లో అరిగినవై ఉండాలి. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. జనం నవ్వుతుండగానే మీరు మాట్లాడేస్తున్నారని అప్పుడు తెలుస్తుంది. నవ్వుతున్నంతసేపూ ఆగాలి. ఇక్కడ రేడియో స్టూడియోలో గాజు అవతల ఇంజనీరు గారు నవ్వుతున్నారో లేదో తెలియక నాకు ఎక్కడ ఆగాలో అర్థం కావడం లేదు, అది వేరే సంగతి.

అన్నిటికంటే ముఖ్యం టైము. ఒక నిమిషం ఉందనగా హాలు వెనక ఎర్ర లైటు వేస్తారు. చాలామంది నవ్వులు బాగా పడుతుంటే దాన్ని చూడరు. ఐదు నిమిషాలు కాస్తా పన్నెండవుతాయి. ఆ ఏడు నిమిషాలూ ఆఖరున ఎక్కే మనిషివి. అతను వచ్చేసరికి జనం చివరి మెట్రో కోసం వాచీలు చూసుకుంటుంటారు. ఇంకోసారి మిమ్మల్ని పిలవరు, ఎందుకో కూడా చెప్పరు.

మరుసటి ఏడు అదే ఫెస్టివల్లో మొదటినుంచీ వెనక వరుసలో కూర్చున్నాను. నాకంటే ముందు నలుగురు చెప్పినవి విని, అరచేతి మీద రాసుకున్న నా జోకుల్లో రెండు తీసేశాను. నా అసలు జోకు ఇంకా మిగిలి ఉండగానే లైటు వెలిగింది. చేతిలో ఉన్న చిన్నది ముగించి, దండం పెట్టి దిగిపోయాను. ఆ జోకు ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు మీకు చెబుదామనే అనుకున్నాను, కానీ ఇంజనీరు గారు చెయ్యెత్తారు. నమస్కారం.