బెరిక్ గోడ బయట మిగిలిన గంట

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంగ్లండ్‌ను ట్యూడర్ వంశం ఏలిన పదహారో శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులో, ట్వీడ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న బెరిక్ గురించి ఈ రోజు చర్చ. మేడమ్, అంత చిన్న ఊరికి అంత పెద్ద గోడ ఎందుకు?

చరిత్ర అధ్యాపకురాలు: భయంతోనండి. 1558 జనవరిలో ఫ్రాన్స్ తీరంలో ఇంగ్లండ్ చేతిలో ఉన్న కలే రేవును ఫ్రెంచివాళ్లు లాగేసుకున్నారు. అప్పటికే వాళ్ల సైన్యం స్కాట్లండ్‌లో ఉంది. బెరిక్‌కు పదిహేను కిలోమీటర్లలోపే, సముద్రం ఒడ్డున ఐమౌత్‌లో పాత కోటను 1557లో మళ్లీ కట్టుకున్నారు. కలే తర్వాత వంతు బెరిక్‌దేనన్న టెన్షన్ లండన్‌కు పట్టుకుంది. ఇంగ్లండ్ రాణి మేరీ మొదలుపెట్టిన గోడ పని, ఆమె తర్వాత రాణి అయిన ఎలిజబెత్ కాలంలో సాగింది.

విశ్రాంత నౌకాదళ అధికారి: కట్టిన తీరు కూడా చూడాలి. పాత గోడలు ఎత్తుగా, పలచగా ఉండేవి. ఫిరంగి దెబ్బకు కూలిపోతాయి. అందుకే కోటల ఇంజనీరు సర్ రిచర్డ్ లీ ఇటలీ పద్ధతి పట్టుకున్నాడు. గోడ పొట్టిగా కట్టి, వెనక మట్టి దట్టించారు. గుండు అందులో దిగబడి ఆగిపోతుంది. బురుజులు బాణం మొనల్లా ముందుకు వస్తాయి. ఒక బురుజు పక్కన దాచిన ఫిరంగులు పక్క బురుజు గోడను కాస్తాయి. శత్రువు నక్కడానికి మూలంటూ మిగలదు. 1,28,000 పౌండ్లకు పైగా ఖర్చయింది. ఎలిజబెత్ పాలనలో అంత ఖరీదైన కట్టడం మరొకటి లేదు.

వ్యాఖ్యాత: అయినా ఆ గోడ మీదికి ఎవరూ దండెత్తి రాలేదు కదా?

అధికారి: రాకపోవడమే దాని ఫలితం అంటాను.

అధ్యాపకురాలు: సగమే ఒప్పుకుంటాను కమాండర్ గారూ. 1560లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఎడిన్‌బరో ఒప్పందం కుదిరి ఫ్రెంచి సైన్యం స్కాట్లండ్ నుంచి వెళ్లిపోయింది. అప్పటికి గోడ పూర్తి కానే లేదు. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. కొత్త గోడ చుట్టుకొలత కుదించారు. పాత ఊరి ఉత్తర భాగం బయటే ఉండిపోయింది. శత్రువు కనబడితే గంట కొట్టే ఎనిమిది పలకల బెల్ టవర్ కూడా బయటే. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

అధికారి: చుట్టుకొలత తగ్గితే తక్కువ మందితో కాపాడొచ్చు మేడమ్. అది సరైన లెక్కే. నది వైపు పాత గోడతోనే సరిపెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. రేవు ఉన్నది అటే.

అధ్యాపకురాలు: లెక్క సరే, కాపలావాడి సంగతి చూడండి. కళ్లు కాయలు కాసేలా చూసి అతను గంట కొడతాడు. అది విని లోపలివాళ్లు తలుపులు మూస్తారు. మరి అతనూ, ఆ బయటి ఇళ్లవాళ్లూ?

అధికారి: మూసేలోపు పరిగెత్తాలి. అంతే.