చదివి నేర్చుకున్న మాటకు నవ్వెందుకు?

(ఇంగ్లీషు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

మిత్రులందరికీ నమస్కారం.

మన క్లాసుల్లో తరచూ జరిగేదే చెబుతాను. ఒక అమ్మాయి లేచి పాఠం చదువుతుంటుంది. అప్పు అని అర్థమొచ్చే మాట తగులుతుంది: డి, ఇ, బి, టి. ‘డెబ్ట్’ అంటుంది. వెనక బెంచీలు గొల్లుమంటాయి. టీచరు ‘డెట్’ అని దిద్ది ముందుకు సాగిపోతారు. ఆ పిల్ల ఇక ఆ ఏడాదంతా లేచి చదవదు. నాకు ఆ ఉచ్చారణ కన్నా ఆ నవ్వే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

అసలు ఆ మాటలో బి ఎక్కడిది? ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది పలుకులోనూ లేదు, రాతలోనూ లేదు. దీని మూలం లాటిన్‌లోని ‘డెబిటుమ్’ అని చూపించాలని పండితులు తర్వాత బి చేర్చారు. జనం మాత్రం ఎప్పటిలాగే ‘డెట్’ అంటూనే ఉన్నారు. ‘డౌట్’లో బి, ‘రిసీట్’లో పి కూడా అలా వచ్చి చేరినవే. ‘ఐలండ్’లో ఎస్ మరీ అన్యాయం. అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, లాటిన్‌తో దానికి చుట్టరికమే లేదు. ‘ఐల్’ అనే వేరే మాటను చూసి దీనికీ ఎస్ తగిలించారు.

ఇక ‘ఫాల్ట్’ సంగతి వినండి. అందులో ఎల్ కూడా ఇలా పైనుంచి దిగిందే. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో, ఈ ఎల్‌ను కొన్నిసార్లు పలుకుతారు, మామూలు సంభాషణలో మాత్రం ఎక్కువగా వదిలేస్తారు అని రాశారు. ఇవాళ దాన్ని పలకడమే సరైన ఉచ్చారణ. రాతలో ఉంది కాబట్టి ఇంగ్లండు జనం చదివారు, చదివి చదివి అదే ఖాయమైంది. ‘ఫోర్‌హెడ్’ను ఒకప్పుడు ‘ఫారిడ్’ అనేవారు. అదీ రాతను చూసే మారింది. ‘ఆఫెన్’లో పలుకు నుంచి జారిపోయిన టి మళ్లీ వెనక్కి వచ్చింది. ఇప్పుడు రెండు రకాలుగానూ పలకవచ్చని నిఘంటువులే ఒప్పుకుంటున్నాయి. మన పిల్ల ‘డెబ్ట్’ అన్నప్పుడు చేసింది కూడా ఇదే పని. పైగా రాసింది రాసినట్టు చదవాలని ఒకటో తరగతి నుంచీ మనమే నేర్పాం. తెలుగు లిపి అలా చదివిస్తుంది. ఆ మాటను ఇంట్లో ఎవరి నోటా విని ఉండదు, పుస్తకంలోనే చూసి ఉంటుంది. పుస్తకం చదివిన పిల్లను చూసి మనం నవ్వుతున్నామన్నమాట!

అలాగని ఎలా పలికినా ఫర్వాలేదని నేను అనను. ‘స్నాక్స్’ బదులు ‘స్నేక్స్’ అంటే అర్థమే మారిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఊనికతో, అంటే మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలకడంతో వస్తుంది. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి, ‘ఫొటాగ్రఫర్’లో రెండోదాన్ని, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోదాన్ని. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. ‘డెవలప్’లో బరువు రెండో అక్షరం మీద పడాలి. మనలో ఎంతోమంది మొదటిదాని మీద వేస్తారు. ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా పలికినా, ఫోన్లో అవతలి మనిషి ‘మళ్లీ చెప్పండి’ అనడానికి చాలాసార్లు ఇదే కారణం. పలకని బి, పి లాంటి అక్షరాలకు ఇచ్చే సమయంలో సగం ఊనికకు ఇస్తే పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది.

‘ప్లంబర్’ మాటేమిటని ఇందాక ఒక మేడమ్ అడిగారు. ఇంగ్లీషు ఇంటర్వ్యూలో ‘ప్లమర్’ అనాలి, అది నేర్పాలి. కానీ కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి దగ్గర ‘ప్లంబర్’ అనే అంటాం. అది తెలుగులో కలిసిపోయిన మాట, తెలుగు నోటికి తగ్గట్టే పలుకుతుంది. బస్సు, కారు కూడా అంతే. వాటిని దిద్దే పని పెట్టుకోవద్దు.

ఎదుటివారి పలుకును చూసి నవ్వే ఈ జబ్బు ఇంగ్లండులోనూ ఉంది. రేడియోలో మాటలు ఎలా పలకాలో చెప్పడానికి బీబీసీ 1926లో ఒక సలహా సంఘాన్ని వేసింది. 1941లో విల్‌ఫ్రెడ్ పికిల్స్ ఉత్తర ఇంగ్లండులోని తన యార్క్‌షైర్ యాసతో బీబీసీ వార్తలు చదివితే, అదేం యాస అని అభ్యంతరం చెప్పిన శ్రోతలున్నారు. ఆయనది పుట్టుకతో ఇంగ్లీషే! మనమూ తక్కువ తినలేదు. తెలంగాణ యాసనూ శ్రీకాకుళం యాసనూ సినిమాల్లో హాస్యానికి వాడుకుని, ఏళ్ల తరబడి నవ్వాం. తెలుగువాళ్ల తెలుగుకే నవ్విన వాళ్లం, ఒక పిల్ల ఇంగ్లీషుకు నవ్వకుండా ఉంటామా?

రేపు క్లాసులో చేయదగ్గది ఒకటుంది. కొత్త మాటను బోర్డు మీద రాసేముందే రెండుమూడు సార్లు పైకి పలకండి, పిల్లలతోనూ పలికించండి. చెవికి ముందు అందితే కన్ను మోసపోదు. అయినా ఎవరైనా ‘డెబ్ట్’ అన్నారనుకోండి, మధ్యలో ఆపకండి. చదవడం పూర్తయ్యాక, ‘రైతుకు డెట్ ఎందుకైందమ్మా?’ అని మీ ప్రశ్నలోనే ఆ మాటను సరిగ్గా పలకండి. జవాబు చెప్పేటప్పుడు తనే ‘డెట్’ అంటుంది. అనకపోతే, మరుసటి రోజు ఇంకో ప్రశ్న అడగండి.