మిస్సోరి పొలాల్లో జింకలకూ టర్కీ కోళ్లకూ చోటు

సభకు నమస్కారం.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మొక్కజొన్న, సోయా పండించే రైతుల్లో చాలామంది తమ భూమిలో కొంత భాగాన్ని తెల్లతోక జింకల కోసం, అడవి టర్కీ కోళ్ల కోసం అట్టేపెడతారు. కృష్ణజింకల మందలు చేను మేసిపోతుంటే తల పట్టుకునే నారాయణపేట రైతుకు ఈ మాట వింతగా తోచవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర జింకను వేటాడడం నేరం కూడా. అక్కడ వేటకు అనుమతి ఉంది. అయితే భూమి రైతుదే అయినా, దాని మీద తిరిగే జింక అతని ఆస్తి కాదు. ఏ నెలలో, ఎన్నింటిని వేటాడవచ్చో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. రైతు చేతిలో ఉన్నదల్లా ఆ జంతువు తన పొలంలో నిలిచేలా నేలను తీర్చిదిద్దుకోవడమే.

విచ్చలవిడి వేట వల్ల, అడవుల నరికివేత వల్ల ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకు ఆ రాష్ట్రంలో ఈ రెండు జాతులూ దాదాపు కనుమరుగయ్యాయి. తుపాకులపై, తూటాలపై వచ్చే పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు మళ్లించిన 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అండతో అవి కోలుకున్నాయి. టర్కీల వేటను 1960లో మళ్లీ అనుమతించగలిగారు.

జింకలను రప్పించాలనగానే వేటగాళ్లకు ముందు గుర్తొచ్చేది మేత మడి. మట్టి పరీక్ష చేయించి, ఆమ్ల నేలైతే సున్నం చల్లి, క్లోవర్ అనే మేత మొక్క, ఓట్స్, శీతాకాలపు గోధుమ విత్తుతారు. మంచిదే గాని, ఆ మడి మీద పెట్టే డబ్బూ శ్రమా దాని ఫలితానికి మించినవని నా అభిప్రాయం. జింక ఆవులా గడ్డి మేసి కడుపు నింపుకోదు. లేత చిగుళ్లను, వెడల్పాకు కలుపు మొక్కలను, రాలిన ఓక్ కాయలను ఏరుకుని తింటుంది. దట్టంగా పెరిగిన అడవిలో పనికిరాని చెట్లను తీసేసి నేలకు ఎండ తగలనిస్తే, ఆ మేత విత్తకుండానే మొలుస్తుంది, పగలు పడుకోవడానికి పొదల మరుగూ దొరుకుతుంది.

టర్కీ సంగతి ఇంకా సున్నితమైనది. పెట్ట నేల మీదే పది, పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. పుట్టిన పిల్లలు మొదటి రెండు వారాలు సరిగా ఎగరలేవు, ఆ దశలో వాటి ప్రధానాహారం పురుగులే. పశువుల కోసం అక్కడ విస్తారంగా వేసిన టాల్ ఫెస్క్యూ గడ్డిలో మోకాళ్ల మీద వంగి, పిల్ల కంటి ఎత్తు నుంచి చూడండి: మొదళ్లు చాపలా అల్లుకుపోయి అడుగు తీసి అడుగు వేయడానికి సందుండదు. అందుకే ఆ గడ్డిని చంపి, కుదుళ్లుగా పెరిగే స్థానిక గడ్డి జాతులను, వాటి మధ్య పూల మొక్కలను రానిస్తారు. ఏటా ఒక్కో భాగాన్ని అదుపులో పెట్టిన మంటతో కాలుస్తూ నేల మళ్లీ మూసుకుపోకుండా చూస్తారు. మే, జూన్ నెలల్లో గడ్డి కోస్తే యంత్రం కింద గూళ్లు, కొన్నిసార్లు పొదిగే పెట్టలు కూడా పోతాయి. జూలై నడిమి దాకా ఆగితే అవి దక్కుతాయి గాని, ముదిరిన గడ్డిలో పోషణ తగ్గుతుంది. ఈ నష్టాన్ని రైతు తెలిసి భరించవలసిందే.

మొక్కజొన్న గింజలు కుప్పపోసి జింకలను రప్పించడం వేరే విషయం. ఎర మీద వేటాడడం మిస్సోరిలో నిషిద్ధం. పైగా 1967లో కొలరాడోలో తొలిసారి గుర్తించిన, మందు లేని, జింకలను కృశింపజేసే క్షీణత వ్యాధి (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) ఇలా ఒకే చోట మూతులు కలిపే జింకల మధ్య సులువుగా వ్యాపిస్తుంది.

ఇంత చేశాక, కొమ్ముల మగజింకనే వేటాడి ఆడజింకలను వదిలేస్తే మంద పెరిగి ఆ పొదలను అదే తినేస్తుంది. దీన్ని కనిపెట్టడానికి మేత మడి మధ్యలో మనిషి నడుము ఎత్తున తీగ వలను గుండ్రంగా చుట్టి నిలబెడతారు. వల లోపల క్లోవర్ ఏపుగా పెరిగి, బయట నేలబారుగా కొరికేసి ఉంటే, రాష్ట్రం అనుమతించిన మేరకు ఆ ఏడాది ఆడజింకల వేటను పెంచుతారు.