చిమ్మిలి పెట్టిన చేతులతోనే

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్న పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి. ఈ మాటలు మీకోసమే.

నాకు 13 ఏళ్ళప్పుడు, శరన్నవరాత్రుల్లో, ఇంద్రకీలాద్రి మీద క్యూలో నిలబడి ఉన్నాను. ఆ రోజు అమ్మవారిది బాలాత్రిపురసుందరి అలంకారం. నా పరికిణీకి మరక అయిందని వెనక ఉన్న ఒకావిడ చెప్పింది. మా అమ్మ ఒక్క మాటైనా చెప్పకుండా నా చెయ్యి పట్టుకుని కొండ దించేసింది. అమ్మవారే నన్ను వెళ్ళగొట్టిందనుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు, బస్సులో వెళుతున్నా సరే, ఆ కొండ వైపు తలెత్తి చూడలేదు.

ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి తినిపించారు. పేరంటానికి వచ్చినవాళ్ళు ఆ చిమ్మిలి పెట్టిన చేతులతోనే నా జబ్బలు పట్టి చూసి, "రంగు తక్కువ, ఒళ్ళు ఎక్కువ, తిండి తగ్గించండి" అన్నారు. ఆ వయసులో ఆడపిల్లకు తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగమేనని జీవశాస్త్రం టీచరునయ్యాక గానీ నాకు తెలియలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండి తగ్గించమని మనం చెబుతున్నది ఈ పిల్లలకే!

ట్యూషన్లో ఒక అబ్బాయి నవ్వితే గుండె దడదడలాడిన రోజున, పాపం చేశానని దేవుడి గదిలో గుంజీలు తీశాను. గుణదల కొండ ఎక్కి మేరీమాతకు మొక్కే నా స్నేహితురాలిదీ అదే భయం. ఇష్టం కలగడం తప్పు కాదనీ, కలిగినంత మాత్రాన ఎవరికీ ఏమీ బాకీ పడమనీ, వద్దనిపిస్తే వద్దని గట్టిగా చెప్పవచ్చనీ మాకు చెప్పినవాళ్ళు లేరు.

గువాహటిలోని కామాఖ్య ఆలయంలో ఏటా అమ్మవారు రజస్వల అయిందని మూడు రోజులు తలుపులు మూస్తారు. తెరిచాక దర్శనానికి జనం పోటెత్తుతారు. ఇది నాకు నలభై దాటాక తెలిసి, ఏడ్చాను. మీ ఇంటి ఆచారం మీ ఇష్టం. పిల్లను ఆపవలసి వస్తే ఆపండి. దేవుడికి కోపం వస్తుందని మాత్రం చెప్పకండి.

మా అమ్మకు ఎనభై దాటాక ఆ రోజు సంగతి అడిగాను. "నాకు మాత్రం ఎవరు చెప్పారే?" అంది.

ఇక మీ ప్రశ్నలు. చీటీ మీద పేరు రాయనక్కరలేదు. అమ్మలు కూడా రాయవచ్చు.